బావ కాలేయం చూడటానికి వచ్చినవాళ్ళు

మా బావకి రెండు కుర్చీల సెలూన్ ఉండేది. కటింగ్ అయ్యాక చేతి అద్దం పట్టి, ఎవరి తల వెనక భాగం వాళ్ళకే చూపించి, "ఎలా ఉంది?" అని అడిగేవాడు. "బాగుంది" అనేదాకా వదిలేవాడు కాదు. ఆయన్ని మాత్రం ఎలా ఉన్నావని అడిగిన పాపాన ఎవరూ పోలేదు. కదిలిస్తే పూటంతా గొప్పలేనని ఇంట్లోవాళ్ళం కూడా తప్పించుకు తిరిగేవాళ్ళం.

అలాంటి మనిషికి కాలేయంలో గడ్డ పుట్టింది. ఆస్పత్రిలో పెద్ద డాక్టరు ఆయన కళ్ళకి బరువైన పెట్టె లాంటి కళ్ళజోడు తగిలించాడు. స్కాన్లతో కంప్యూటర్‌లో తయారుచేసిన ఆయన కాలేయం మంచమంత పెద్దదై గాల్లో తేలింది. నీలం నరాలు, ఎర్ర నరాలు, మధ్యలో పసుప్పచ్చ గడ్డ. డాక్టర్లు ముందు ఆ బొమ్మని కోసి చూసుకుని, ఏ నరం జోలికి పోకూడదో తేల్చుకుని, అప్పుడు మనిషిని కోస్తారట.

"గడ్డ పెద్ద నరానికి ఇంకా అంటుకోలేదు. వెంటనే తీసేస్తే బయటపడతావు. ఇంత చక్కటి కేసు ఈమధ్య చూడలేదు," అన్నాడు డాక్టరు.

అక్క మొదటి రెండు మాటలూ విన్నది. బావ చివరిది మాత్రమే విన్నాడు.

ఇక ఆ బొమ్మని చూడటానికి జనం రావడం మొదలైంది. వేరే ఆస్పత్రుల డాక్టర్లు, యంత్రాలు అమ్మేవాళ్ళు. బావ సెలూన్ మూసేసి వెళ్ళి ఆస్పత్రిలో ఆ బొమ్మ చూపించే గది మూల కూర్చునేవాడు. "అది నాదేనండీ," అని వచ్చినవాళ్ళందరికీ చెప్పుకునేవాడు. ఆపరేషన్ దగ్గర పడ్డాక డాక్టరు ఆయన్ని పక్కకి పిలిచాడు.

"వచ్చే నెల పెద్ద సభ ఉంది. అందరి ముందూ బొమ్మ మీద చేసి చూపించి, మర్నాడు నీకు చేస్తాను. నీకేం తొందర లేదుగా?"

"నాకేం తొందరండీ!" అన్నాడు బావ.

"మీకు లేకపోతే గడ్డకుంటుందండీ తొందర!" అని అక్క ఇంటికొచ్చి నెత్తీ నోరూ కొట్టుకుంది.

"నువ్వూరుకో. ఇన్నేళ్ళు ఇంతమంది తలలు చూశాను. ఒక్కడైనా నావైపు తిరిగి చూశాడా?"

సభలో బొమ్మలోని గడ్డ పువ్వు కోసినంత సులువుగా వచ్చేసింది. హాలంతా చప్పట్లు. బావ లేచి నిలబడి పెళ్ళికొడుకులా చెయ్యి ఊపాడు. ఆ మూర్ఖుణ్ణి చూసి నాకు ఒళ్ళు మండింది.

మర్నాడు అసలు పొట్ట తెరిచారు. కొత్త స్కాన్ తీస్తే బొమ్మ మొదటినుంచీ మళ్ళీ చెయ్యాల్సి వస్తుందని, చేతికి అలవాటైన బొమ్మతోనే కానిచ్చారు. సభ కోసం ఆగిన రోజుల్లో గడ్డ ఆ పెద్ద నరాన్ని చుట్టేసింది. డాక్టరు బయటికొచ్చి, "బొమ్మలో ఇలా లేదు," అన్నాడు, తప్పంతా బావ కాలేయానిదే అయినట్టు. గడ్డని తియ్యకుండానే తెరిచిన పొట్ట కుట్టేశారు.

"ఎలా జరిగింది?" అన్నాడు బావ కళ్ళు తెరవగానే.

"బాగా జరిగింది," అంది అక్క.

కుట్లు మానకముందే పోయాడు.

తర్వాత ఆయన బట్టల సంచీ ఆస్పత్రిలోనే ఉండిపోయిందంటే అక్కా నేనూ వెళ్ళాం. ఆ రోజు బొమ్మ గది అందరికీ తెరిచి పెట్టారు. గుమ్మంలో కొత్తగా చేరిన అమ్మాయి ఒకతె మమ్మల్ని కూడా చూడ్డానికి వచ్చినవాళ్ళే అనుకుంది.

"రండి మేడమ్, మీరూ చెయ్యొచ్చు. భయమేం లేదు."

నేను ఆపేలోపే అక్క లోపలికి వెళ్ళి ఆ కళ్ళజోడు పెట్టించుకుంది. ఆమెకి కనిపించేదే గోడమీది తెరలో నాకూ కనిపించింది. నీలం, ఎరుపు, మధ్యలో పసుపు. అమ్మాయి అక్క చెయ్యి పట్టుకుని నడిపించింది. గడ్డ శుభ్రంగా ఊడి వచ్చేసింది.

"చూశారా, చుక్క రక్తం లేదు! ఎవరు చేసినా ఈయన బతికేస్తాడు. ఎలా ఉంది మేడమ్?"

అక్క ఖాళీ గాల్లో చెయ్యి పెట్టి నిమురుతోంది.

"బాగుంది," అంది.

అమ్మాయి మీట నొక్కింది. గడ్డ వెళ్ళి మళ్ళీ కాలేయంలో కూర్చుంది.

"అయ్యో! మళ్ళీ లోపల పెట్టేశావేంటమ్మా?" అంది అక్క.

"తర్వాతవాళ్ళు తియ్యాలి కదండీ," అంది ఆ అమ్మాయి. అప్పటికే మా వెనక వరస కట్టి నిలబడ్డారు.