రూతు ఎడమకాలు

కోవిడ్ సద్దుమణిగాక వచ్చిన వానాకాలంలో నన్ను అరకులోయ దగ్గరి ఒక చిన్న ఆసుపత్రికి ఫిజియోథెరపిస్టుగా వేశారు. రిటైర్మెంటుకు ముందు అదే నా ఆఖరి పోస్టింగు. ఆపరేషన్లు కింద విశాఖలో జరిగేవి. తర్వాత కాలికో చేతికో బలం తెప్పించే పని నాది.

రూతు జిల్లా జట్టులో కబడ్డీ ఆడే ఇరవై ఏళ్ల అమ్మాయి. ఆటలో ఎడమ మోకాలు మెలితిరిగి లోపల ఎముకల్ని కట్టి ఉంచే లిగమెంటు తెగితే, తొడ వెనక నుంచి స్నాయువు ముక్క తీసి అక్కడ అమర్చారు. ఈ ఆపరేషన్‌లో ఒక మోసం ఉంది. నాలుగో నెలకల్లా నొప్పి పోతుంది. అమర్చిన లిగమెంటు మాత్రం ఇంకా పచ్చిగానే ఉంటుంది. తొడ కండరం మళ్లీ బలపడేదాకా, అంటే కనీసం తొమ్మిది నెలలు, ఆట కూడదు.

పదిహేను రోజులకోసారి టేపుతో రెండు తొడలూ కొలిచేదాన్ని. ఎడమది ఎప్పుడూ సన్నమే. వ్యాయామం చేస్తున్నావా అంటే, "రోజూ సేత్తన్నాను మేడమ్" అనేది. నమ్మలేదు. వాళ్లమ్మను నిలదీశాను. "గుంట అబద్ధమాడదండి. కూకోడం, లెగడం, అదే పని" అందామె. నా చిరాకు ఇంకా పెరిగింది. దీనికి తోడు వారం వారం కోచ్ ఫోను: జట్టు ఎంపికలు దగ్గరపడ్డాయి, ఫిట్‌నెస్ సర్టిఫికెట్ ఇచ్చెయ్యండి అని. ఆ కాలిని ఒక్కసారైనా చూడని మనిషికి కాగితం కోసం ఎంత తొందరో!

ఏడో నెలలో రూతూ ఎదురు తిరిగింది.

"నొప్పేటీ లేదు. బేగి రాసిచ్చేయండి మేడమ్. ఈ ఏడు పోతే మళ్లీ నన్నెవులు పిలుత్తారు?"

"ఆ చేసేదేదో నా ముందు చెయ్యి" అన్నాను విసురుగా.

గుంజీళ్లు తీసింది. నడుము కాస్త కుడివైపుకు ఒరుగుతోంది. అనుమానమొచ్చి, నా గదిలోని బరువు యంత్రానికి తోడు గర్భిణుల గదిలోనిదీ తెప్పించి, ఒక్కో పాదం కింద ఒక్కోటి పెట్టాను. కిందికి వంగేసరికి కుడి ముల్లు ముప్పై ఎనిమిది కిలోలు దాటింది. ఎడమది పదిహేను దగ్గరే ఆగిపోయింది. ఇన్ని నెలలూ బాగున్న కాలికే వ్యాయామం!

రూతు ముళ్ల వంక చూసి, "మరి ముందే సెప్పలేదేటి మేడమ్?" అంది.

మొదట్లో ఒక్కసారి చేసి చూపించి ఊరుకున్నాను. తర్వాత కొలిచాను, కసిరాను, అంతే.

సర్టిఫికెట్ రాయలేదు. ఆ ఏడు ఎంపికలు పోయాయి. ఎడమకాలి మీద మాత్రమే బరువు వేసి పీట ఎక్కి దిగే వ్యాయామాలు నా ఎదుటే చేయించాను. రూతు ముభావంగానే ఉండేది, కానీ ఒక్కరోజూ మానలేదు. ఆపరేషన్ జరిగి ఏడాది నిండేసరికి ఒంటికాలి గెంతులో ఎడమకాలు కుడిదాని దూరాన్ని దాదాపు అందుకుంది. అప్పుడు సంతకం పెట్టాను. మరుసటి ఎంపికల్లో జట్టులోకి తిరిగి వచ్చింది.

ఆ తర్వాత రిటైరయ్యేదాకా "చేస్తున్నారా?" అని ఏ రోగినీ అడగలేదు. వచ్చిన ప్రతిసారీ నా ముందు చేసి చూపించమనేదాన్ని. అందుకు పట్టేది ఐదు నిమిషాలు.