సాగర్ దారిలో తప్పిన మూడు బస్సులు

అరవై దాటినవాళ్లు ముగ్గురు, రెండు రోజులు, నాలుగు ఊళ్లు, లాడ్జి ఖర్చు లేకుండా. ఈ ప్లాను నాదే. ప్రతి మజిలీలోనూ బంధువుల ఇల్లు చూసుకున్నాను. రిటైరైన సోషల్ మాస్టారిని కదా, తప్పు దొర్లదని నమ్మకం.

2010 వానాకాలంలో సాగర్ గేట్లు ఎత్తారని పేపర్లో చదివి వినిపిస్తే మా మరియమ్మక్క, "తమ్మీ, మోకాళ్లు పూర్తిగ ఖతం గాకముందే ఒక్కసారి డ్యామ్ సూపియ్యరా" అంది. నాకంటే ఆరేళ్లు పెద్దది. పదహారేళ్లప్పుడు మా అమ్మతో పాటు ఆ డ్యామ్ దగ్గర రాళ్లు మోసింది. మళ్లీ అటు పోనే లేదు. వచ్చే నెల మోకాళ్ల ఆపరేషన్. ఆ తర్వాత ఎంత నడవగలదో డాక్టరే చెప్పలేకపోయాడు.

పొద్దున ఆరుంబావుకు సూర్యాపేటలో బస్సెక్కాం. నేను, నా భార్య సువార్త, అక్క. పెద్దవాళ్లతో బయల్దేరేవారికి నా సలహా ఒకటే. మాత్రలు చేతిసంచిలో పెట్టుకోండి, బస్టాండు వచ్చిన ప్రతిచోటా అవసరం ఉన్నా లేకున్నా బాత్రూముకు వెళ్లి రండి. మిగతా సలహాలు నేను ఇచ్చే స్థితిలో లేను. ఎందుకో చెబుతాను.

ఏడున్నరకు కోదాడలో నా మరదలి ఇంటికి చేరాం. టిఫిన్ తిని తొమ్మిదిన్నర మఠంపల్లి బస్సుకు లేవాలి. "నాటుకోడి కోయించాను బావగారూ, తినకుండా ఎలా వెళ్తారండీ?" అంది ఆమె. తిన్నాక ప్రార్థన. ప్రయాణమయ్యేవారిని ప్రార్థన చేయకుండా గడప దాటనివ్వరు మావాళ్లు. ఆమె డ్రైవరు కోసం, టైర్ల కోసం, అక్క మోకాళ్ల కోసం విడివిడిగా ప్రార్థించింది. మేం ఎక్కింది మధ్యాహ్నం రెండు గంటల బస్సు.

రాత్రికి మఠంపల్లిలో మా చిన్నాన్న కొడుకు యోహాను ఇంట్లో పడుకున్నాం. తెల్లారి ఏడింటి బస్సు దొరికితే హుజూర్‌నగర్‌లో మారి పదింటికి మిర్యాలగూడ, పన్నెండుకు సాగర్. ఆరున్నరకే చెప్పులేసుకుని నిలబడ్డాను. యోహాను సంఘ పెద్ద. కళ్లు మూసుకుని సృష్టి ఆరంభం నుంచి ఎత్తుకున్నాడు. మా వంతు రావడానికి చాలాసేపు పట్టింది. ఒక కన్ను తెరిచి వాచీ చూస్తే సువార్త మోచేత్తో పొడిచింది. రోడ్డు మీద హారన్ మోగింది. "ఆ బస్సును కూడా నీ కాపుదలలో ఉంచుము తండ్రీ" అన్నాడు యోహాను. బస్సు ఆ కాపుదలలోనే వెళ్లిపోయింది.

తర్వాతది పదిన్నరకు. హుజూర్‌నగర్‌లో రెండో బస్సు కోసం గంటకు పైగా కూర్చుని, మిర్యాలగూడలో దిగేసరికి మూడు కావస్తోంది. సాగర్ నుంచి అప్పుడే వచ్చిన ఒకాయన చాయ్ తాగుతూ, "గేట్లా సారూ? ఒంటిగంటకే దించిన్రు. వరద తగ్గింది" అన్నాడు.

నాకు ఒళ్లు మండిపోయింది. "ఇగ పేటకే పోదాం అక్కా. గాడ ఏముంటది సూడనీకి?"

"నువ్వు పో. నేను డ్యామ్ సూసే వస్త" అని ఆమె సాగర్ బస్సు వైపు కుంటుకుంటూ నడిచింది. ఇద్దరం వెనకాలే ఎక్కాం.

నాలుగున్నరకు సాగర్‌లో దిగి, ఆటోలో డ్యామ్ కింది వంతెన మీదికి పోయాం. ఎదురుగా డ్యామ్ ఒక్క చుక్క జారకుండా పొడిగా నిలబడి ఉంది.

"నా ప్లాను ఆగమైంది అక్కా" అన్నాను.

"ఏం ఆగమైందిరా? నీళ్లు దుంకుతుంటె గోడ యాడ కనవడ్తది? నేను మోసింది నీళ్లా, రాళ్లా?"

ఒక్క మెట్టు దిగాలంటే మూలిగే మనిషి అరగంట నిలబడింది. "అగో, ఆ పక్క నుంచి ఎక్కేటోళ్లం. నెత్తి మీద గుడ్డ సుట్టిన సుమ్మ, దాని మీద రాయి. అమ్మ ముందు, నేను ఎనుక."

ముప్పై ఏళ్లు పిల్లలకు ఆ డ్యామ్ పొడవు, ఎత్తు నేర్పాను. అక్క ఏ పక్క నుంచి ఎక్కేదో ఒక్కనాడూ అడగలేదు. ఆ కూలి పైసలతోనే అమ్మ నన్ను బడికి పంపింది. మా ఇంట్లో చదువుకున్నది నేనొక్కణ్ణే. సిగ్గేసింది. కళ్లు తుడుచుకుంటుంటే సువార్త అటు తిరిగి నిలబడింది.

ఐదున్నరకు బస్టాండుకు వచ్చాం. మిర్యాలగూడ బస్సు బయల్దేరడానికి సిద్ధంగా ఉంది. "జర ఆగు తమ్మీ, ప్రార్థన చేసుకోని పోదాం" అంది అక్క. తలకు కొంగు కప్పుకుని మొదలుపెట్టింది. తనతో రాళ్లు మోసిన ఆడవాళ్ల పేర్లు ఒక్కొక్కటే చెబుతోంది. ఎల్లమ్మ. సైదమ్మ. కడుపుతో ఉండి మోసిన రూతమ్మ. చివర మా అమ్మ.

"ఎక్కుతరా, లేదా?" అని కండక్టరు అరిచాడు.

అక్కకు వినపడకుండా, పొమ్మని చెయ్యి ఊపాను.