మోకాలు నొప్పంటే నేను నడవమన్నాను

లావుగా ఉన్న మీ పిల్ల కాలు నొప్పి అంటే మీ నోట మొదట వచ్చే మాట ఏమిటి? "తిండి తగ్గించు, కాస్త నడువు" అనే కదా? ఫిజియోథెరపిస్టునై ఉండి నేనూ అదే అన్నాను.

2021. కరోనా తర్వాత బడులు మళ్లీ తెరిచిన రోజులు. హనుమకొండలోని నా క్లినిక్‌కు నెక్కొండ నుంచి యాకూబ్ అనే టైలర్ తన పన్నెండేళ్ల కూతురు రిజ్వానాను తీసుకొచ్చాడు. బడి లేని కాలంలో పాప బాగా బరువెక్కింది. కుడి మోకాలు నొప్పి, కొద్దిగా కుంటుతోంది. మోకాలి ఎక్స్‌రేలో ఏమీ లేదు.

"జర మందలించుండ్రి సార్. పొద్దంత ఫోన్ వట్టుకొని కూసుంటది," అన్నాడు యాకూబ్.

"నిజంగనే నొస్తాంది సార్. పీటీ సార్ గూడ నాటకాలంటాండు," అంది పాప.

బరువు తగ్గితే నొప్పి పోతుందని తేల్చేసి రోజూ నడక, గుంజీలు రాసిచ్చాను.

"గుంజీలు తీస్తె పొట్ట తగ్గుతదా సార్? మరి మీరు తీస్తలేరా?"

నా పొట్ట చూసుకుని నవ్వేశాను. కాలు మాత్రం పట్టి చూడలేదు.

మూడు వారాలకు మళ్లీ వచ్చారు. కుంటడం పెరిగింది. కుడి పాదం బయటికి తిరిగి పడుతోంది. పడుకోబెట్టి మోకాలిని పొట్ట వైపు వంచితే తొడ నేరుగా రాక పక్కకు తిరిగిపోయింది. తుంటిలోని జబ్బు మోకాలి నొప్పిగా తెలియడాన్ని రిఫర్డ్ పెయిన్ అంటారు. ఎదిగే వయసులో తొడ ఎముక తల తన మెడ మీది నుంచి జారడం స్లిప్డ్ ఎపిఫిసిస్. బరువు ఎక్కువున్న పిల్లల్లోనే ఇది ఎక్కువ. ఒక్క తప్పటడుగుతో పూర్తిగా జారితే రక్తం అందక ఆ ఎముక తల చచ్చిపోవచ్చు.

"యాకూబ్ భాయ్, పాప కాలు కింద పెట్టొద్దు. ఇప్పుడే తుంటి ఎక్స్‌రే తీయాలె."

"మోకాలని వస్తె తుంటంటరేంది? రైలు టైమయితాంది సార్. రేపు ఎముకలు గుంజి కూసోబెట్టెటాయన కాడికి పోతాన్నం."

స్టేషన్ వంతెన మెట్లు, రేపు ఆ కాలిని గుంజబోయే చేతులు కళ్ల ముందు కదిలాయి. రిజ్వానా అప్పటికే బల్ల దిగబోతోంది.

"ఆగు బిడ్డా!" అని అరిచాను. "భాయ్, తప్పు నాది. పాపది బద్ధకమనుకున్న. పరీక్ష చేయకుంటనే నడిపించిన."

"మూడు వారాలు ఏడ్సుకుంటనే నడిసింది సార్," అన్నాడు యాకూబ్. కూతురి భుజాలు పట్టుకుని కదలనివ్వలేదు.

చక్రాల కుర్చీలో దవాఖానకు తీసుకెళ్లాం. ఎముక తల జారే ఉంది. మర్నాడే సర్జన్ స్క్రూ వేశారు. రిజ్వానా ఇప్పుడు నడుస్తోంది. కుడి కాలు కొంచెం పొట్టి. ఆ కొంచెంలో నా మూడు వారాల పాలు ఎంతో నాకు తెలియదు.

దిష్టి తగిలిందనేవాళ్లను జీవితమంతా రుజువు అడిగాను. లావు పిల్లలు బద్ధకస్తులన్న నా నమ్మకాన్ని మాత్రం ఏ రుజువూ అడగలేదు. అది మూఢనమ్మకం కాకపోతే మరేమిటి? బరువు కీళ్లనూ కండరాలనూ నిజంగానే నొప్పిస్తుంది. నొప్పి పిల్లను కూర్చోబెడుతుంది, కూర్చుంటే బరువు ఇంకా పెరుగుతుంది. ఆ బరువు సంగతి చూడాల్సిందే, కానీ నొప్పిని నమ్మిన తర్వాతే.

మీ ఇంట్లో బరువున్న పిల్ల తొడో మోకాలో నొప్పంటూ కుంటుతోందా? నడిపించకండి, ఎవరిచేతా గుంజించకండి. ఈరోజే ఎముకల డాక్టరు దగ్గరకు తీసుకెళ్లండి. మోకాలితో పాటు రెండు తుంటి కీళ్లూ చూడమని అడగండి. చూసేదాకా అక్కడి నుంచి కదలకండి.