పుష్పమ్మ తర్జుమా

పగ పట్టడం పుష్పమ్మకు పుట్టుకతో వచ్చిన విద్య కాదు. నలభై ఏళ్లు దాటేదాకా ఆమె కోపం పాలపొంగు. పొంగినప్పుడు ఇల్లంతా గోల, దించగానే చల్లారిపోయేది. అలాంటి మనిషి ఒకడి మీద ఏడాదికి పైగా కోపాన్ని చెక్కుచెదరకుండా నిలుపుకుందంటే, దాని కోసం ఇంగ్లీషు కూడా నేర్చుకుందంటే, ఆ ఘనతంతా శివకుమార్‌దే.

బొల్లారంలో మందుల పొడి తయారుచేసే ఒక కంపెనీలో ఆమె ప్యాకింగ్ గదిలో పనిచేసేది. నెత్తికి తెల్ల టోపీ, మూతికి మాస్కు, చేతులకు గ్లవుజులు. పొడిని సంచుల్లో నింపి, మూతి బిగించి, డ్రమ్ముల్లో పెట్టి సీలు వేయాలి. ఆ గది గాలిలో తేమ ఉండకూడదు. ఉంటే పొడి ఉండలు కట్టి సరుకంతా పాడవుతుంది. అందుకే అక్కడ ఏసీ పగలూ రాత్రీ నడుస్తుంది. కంపెనీలో ఆడవాళ్లకు అంతకంటే గౌరవమైన పని లేదు. ఎన్నో ఏళ్లు నానా చోట్ల ఊడ్చి, తుడిచి, మోసి, పుష్పమ్మ ఆ గదిలోకి చేరింది.

శివకుమార్ సంగారెడ్డి పిల్లవాడు. కాలేజీ నుంచి నేరుగా ట్రైనీగా వచ్చిన రోజు టోపీ తిరగేసి పెట్టుకున్నాడు. సంచి మూతి ముడి దగ్గర్నుంచి అన్నీ పుష్పమ్మే నేర్పింది. అక్కా అక్కా అంటూ వెంట తిరిగాడు, ఆమె టిఫిన్ డబ్బాలో పుంటికూర ఊడ్చుకు తిన్నాడు. చదువుకున్నవాడు కనుక మెట్టు మెట్టు ఎక్కి ఆ సెక్షన్‌కే మేనేజర్ అయ్యాడు. అప్పటినుంచి ఆమె అతన్ని సార్ అంది, అతను మాత్రం అక్కా అనడం మానలేదు. ఎంత మంచివాడో అని ఆమె మురిసిపోయేది. ఏరు దాటాక తెప్ప తగలేసేవాళ్లుంటారని విన్నది గానీ, ఆ తెప్ప తానేనని ఆమెకేం తెలుసు?

వానాకాలంలో ఒక మధ్యాహ్నం ఏసీ ఆగిపోయింది. ఆమె పని ఆపించి శివకుమార్ దగ్గరికి వెళ్లింది.

“ఏసీ బందయింది సార్. గదిల ఉక్కపోస్తున్నది. సరుకు ఆపమంటరా?”

“లారీ వచ్చి గేటు కాడ నిలబడ్డది అక్కా. ఇయ్యాల పోకపోతే నా పని ఖతం. మిగిలినయి నాలుగు డ్రమ్ములే గద, కానియ్యి.”

ఆమె కానిచ్చింది. ఆ డ్రమ్ములు సముద్రం దాటి వెళ్లి, మూతలు తీసేసరికి లోపల పొడి రాళ్లలా గట్టిపడి ఉంది. కొన్నవాళ్లు సరుకు తిప్పి పంపి, సంగతేమిటో తేల్చుకు రమ్మని తమ మనిషిని కూడా పంపారు.

ఆ తెల్లాయన ప్యాకింగ్ గదికి వచ్చి, అందరినీ వదిలి పుష్పమ్మనే అడిగాడు. మెత్తటి మనిషి, కళ్లలోకి చూసి మాట్లాడాడు. ఆమెకు ఇంగ్లీషు రాదు కనుక శివకుమార్ మధ్యలో నిలబడ్డాడు. గుమ్మం పక్కన నిచ్చెన మీద ఎలక్ట్రీషియన్ ఎబెనేజర్ లైటు మారుస్తున్నాడు.

“ఏసీ ఆగినప్పుడు ఎవరికన్న చెప్పినవా అని అడుగుతున్నడు అక్కా,” అన్నాడు శివకుమార్.

“చెప్పిన సార్. ఆపమంటరా అని గూడ అడిగిన. లారీ వచ్చింది కానియ్యమంటే కానిచ్చిన.”

‘మీకే చెప్పిన’ అనలేదు. బయటివాళ్ల ముందు మన మనిషిని వేలెత్తి చూపడం మర్యాద కాదనుకుంది. శివకుమార్ ఆ నాలుగు మాటల్నీ ఇంగ్లీషులో చాలాసేపు చెప్పాడు. తెల్లాయన ముఖం చిన్నబోయింది. ఆమెను మళ్లీ ఏదో అడిగాడు.

“గంతేనా అంటున్నడు. యెస్ అను అక్కా.”

“యెస్ సార్! థ్యాంక్యూ సార్!” అంది పుష్పమ్మ, నవ్వుతూ, రెండు చేతులూ జోడించి.

ఆ సాయంత్రం కొల్లూరు కాలనీలో ఆమె బ్లాకంతా ఆ కబురే. తెల్లాయన తనను అడిగాడనీ, తాను ఇంగ్లీషులో జవాబిచ్చాననీ మెట్లు దిగే వాళ్లకూ ఎక్కే వాళ్లకూ చెప్పింది. వారం తిరక్కుండానే ఆమెను ప్యాకింగ్ గది నుంచి తీసి, వెనక యార్డులో డ్రమ్ములు కడిగే పనిలో వేశారు. మార్పిడి అనుకుంది. అక్కడి ఘాటుకు కళ్లు మండుతున్నా, మళ్లీ పిలుస్తారులే అనుకుంది.

చివరికి కంపెనీ బస్సులో, ఇంగ్లీషు అర్థమయ్యే ఎబెనేజర్ ఆమె పక్కన కూర్చుని గొంతు తగ్గించి చెప్పాడు.

“నీకు చెప్పాల్నా వద్దా అని పరేషాన్ల ఉన్న అక్కా. నువ్వు చెప్పింది ఒకటి, గాయన చెప్పింది ఒకటి. ఏసీ ఆగింది సూసింది గనీ ఎవరికీ చెప్పలేదట, మర్చిపోయిందట, సదువు లేని మనిషి, ఇగ ఈడ ఉంచం అని చెప్పిండు. ఇది నిజమేనా అని తెల్లాయన నిన్ను అడిగిండు. నువ్వు యెస్ అన్నవ్.”

మర్నాడు ఆమె ఆఫీసుకు వెళ్లి మొత్తుకుంది. అక్కడి ఉద్యోగి ఫైలులోంచి తల ఎత్తకుండా, “నువ్వే ఒప్పుకున్నవట గదమ్మా. గెస్టు ముందరనే యెస్ అన్నవట. ఇగ మేమేం చేస్తం?” అన్నాడు. గోడకు చెప్పుకున్నా కాస్త ఆలకించేది.

ప్యాకింగ్ గది పోయినందుకు కాదు ఆమె కడుపు మండింది. ఆ నవ్వుకు. ఆ దండానికి. తన మెడకు ఉరి బిగిస్తుంటే థ్యాంక్యూ అన్నది తను. అది గుర్తొచ్చినప్పుడల్లా ఒళ్లంతా కారం పూసినట్టయ్యేది. ఆమె భర్త యాదగిరి పటాన్‌చెరు, సంగారెడ్డి మధ్య షేర్ ఆటో నడుపుతాడు. సంగతి విని లేచి నిలబడ్డాడు.

“స్టాండు కాడి పోరగాళ్లను తీస్కపోతా. గేటు బయట పట్టుకొని నాలుగు తంతే బుద్ధొస్తది.”

“తంతే ఒళ్లు నొప్పులైతయి, రెండు దినాల్ల తగ్గుతయి. నాకది చాలదు. వాడు చేసింది వాని నోటితోని, పది మందిల చెప్పాలె. గప్పటిదాక నేను ఊకోను.”

దారి మాత్రం తోచలేదు. ఆ దారి కొన్నవాళ్లే చూపించారు. ఇకనుంచి మేం వచ్చినప్పుడు పనివాళ్లే మాకు జవాబు చెప్పాలి, మధ్యలో ఎవరూ వద్దని షరతు పెట్టారు. కంపెనీ గత్యంతరం లేక హైదరాబాదు నుంచి తనుశ్రీ అనే ట్రైనరమ్మను పిలిపించి, ఆదివారాలు క్యాంటీన్‌లో ఇంగ్లీషు క్లాసులు పెట్టింది. ఓవర్‌టైం డబ్బులివ్వరని తెలిసి, పేర్లు రాసినవాళ్లలో సగం మందికి ఆదివారాలే జ్వరాలు వచ్చాయి. జాబితాలో పేరు లేని పుష్పమ్మ వెళ్లి ముందు వరసలో కూర్చుంది.

టీ తాగడానికి వచ్చిన శివకుమార్ ఆమెను చూసి ఆగాడు. “ఏందక్కా, డ్రమ్ములు కడిగేటందుకు ఇంగ్లీషా? డ్రమ్ములతోని ముచ్చట పెడతవా?”

అందరూ గొల్లుమన్నారు. పుష్పమ్మ కూడా నవ్వింది. నవ్విన నాపచేనే పండుతుందని ఆమెకు తెలుసు. అతనికే తెలియదు.

తనుశ్రీ పుస్తకం ముట్టుకోనివ్వలేదు, అన్నీ నోటితోనే. పొద్దున ఎలా పలకరించాలి, అర్థం కాకపోతే సిగ్గుపడకుండా మళ్లీ ఎలా చెప్పమనాలి, పై అధికారికి ఇబ్బంది ఎలా తెలియజేయాలి, పొరపాటు జరిగితే క్షమాపణ ఎలా చెప్పాలి. పుష్పమ్మ కరువు తీరా నేర్చుకుంది. వారమంతా యార్డులో ఖాళీ డ్రమ్ములో తల పెట్టి అవే వాక్యాలు గట్టిగా అనేది. డ్రమ్ము తిరిగి చెప్పేది. శివకుమార్ అన్నంతా అయింది, నిజంగానే డ్రమ్ములతో ముచ్చట పెట్టింది. ఇంట్లో యాదగిరికి తిప్పలు.

“ఐ వుడ్ లైక్ టు రైజ్ ఎ కన్సర్న్,” అనేది అన్నం ముందు కూర్చున్న మొగుడితో.

“ఏందే, కూరల ఉప్పు లేదా?”

“కుడ్ యూ ప్లీజ్ రిపీట్ దట్?”

“నాకు బువ్వ పెడతవా పెట్టవా, గది చెప్పు ముందు.”

నేర్చుకునే కొద్దీ ఒక సంగతి ఆమె ఒళ్లు మండించింది. ఈ ఆఫీసు ఇంగ్లీషులో తప్పులన్నీ వాటంతట అవే జరుగుతాయి, చేసినవాడంటూ ఉండడు. కోపం వస్తే ‘కన్సర్న్’ అట. మోసానికి ‘మిస్ అండర్‌స్టాండింగ్’ అట. ఎవడు కనిపెట్టాడో గానీ, శివకుమార్‌లాంటి వాళ్ల కోసమే కనిపెట్టాడనుకుంది. అయినా నేర్చుకోవడం ఆపలేదు. దొంగను పట్టాలంటే వాడి సందు గొందులు తెలిసి ఉండాలి.

ఆఖరి ఆదివారం క్లాసు చూడటానికి మేనేజర్లంతా వచ్చారు. కొత్తగా వచ్చిన ప్లాంట్ హెడ్ కూడా వచ్చాడు. కేరళాయన, తెలుగు రాదు, హిందీ అంతంత మాత్రం. తనుశ్రీ ఒక ఆట పెట్టింది. పనివాళ్లు బయటి నుంచి వచ్చిన గెస్టులుగా ప్రశ్నలడగాలి, మేనేజర్లు పనివాళ్లుగా జవాబులివ్వాలి. ఎవరికి ఎవరు కావాలో కోరుకోవచ్చంది. పుష్పమ్మ అందరికంటే ముందు లేచి, “ఐ వాంట్ శివకుమార్ సర్,” అంది.

ఈలలు, చప్పట్లు. శివకుమార్ నవ్వుతూ వచ్చి, పనివాడిలా చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

“గుడ్ మార్నింగ్. వాజ్ ద ఏసీ వర్కింగ్?”

అతని నవ్వు కొంచెం సన్నబడింది. ఆటే కదా అనుకున్నట్టున్నాడు. “నో, మేడమ్.”

“డిడ్ యూ టెల్ ఎనీబడీ?”

చెప్పలేదంటే చెడ్డ పనివాడవుతాడు, తనుశ్రీ అక్కడే నిలబడి తప్పు దిద్దుతుంది. “యెస్, మేడమ్. ఐ టోల్డ్ మై మేనేజర్.”

“వాట్ డిడ్ యువర్ మేనేజర్ సే?”

వెనక బెంచీలో ఎబెనేజర్ ముందుకు వంగాడు. శివకుమార్ కళ్లు తేలు కుట్టిన దొంగ కళ్లలా అటూ ఇటూ తిరిగాయి. అంతలోనే తేరుకుని, నాటకంలో రాజుగారికి వంగినట్టు వంగాడు.

“అయామ్ సారీ, మేడమ్. దేర్ వాజ్ ఎ కమ్యూనికేషన్ గ్యాప్. వుయ్ సిన్సియర్లీ అపాలజైజ్ ఫర్ ద ఇన్‌కన్వీనియెన్స్.”

“పర్ఫెక్ట్!” అని తనుశ్రీ చప్పట్లు కొట్టింది. ప్లాంట్ హెడ్ కూడా కొట్టాడు. ఏడాదికి పైగా కాపు కాసి పట్టిన దొంగ, చప్పట్ల మధ్య నుంచి దర్జాగా జారిపోతున్నాడు. ఇంగ్లీషులో సారీకి ఖర్చేముంది? బస్సులో కాలు తొక్కినవాడూ అంటాడు.

“గిప్పుడు చెప్పింది తెలుగుల చెప్పు తమ్మీ,” అంది.

“తెలుగు వద్దండీ పుష్పమ్మగారూ, ఈ గదిలో ఇంగ్లీషే,” అంది తనుశ్రీ. పుష్పమ్మ ఏమంటోందని ప్లాంట్ హెడ్ అడిగాడు. శివకుమార్ ముఖం మీద నవ్వు చెరగనివ్వకుండా పుష్పమ్మ దగ్గరికి జరిగి, తెలుగులో మెల్లగా అన్నాడు.

“అక్కా, ఇంటి కాడ మాట్లాడుకుందాం. నీ ప్యాకింగ్ రూమ్ నీకు ఇప్పిస్త. గిప్పుడైతే ఇడిసిపెట్టు.”

ఆ గది కోసం ఆమె ఎంత కష్టపడిందో ఆమెకే తెలుసు. సరేనంటే సోమవారం తెల్ల టోపీ పెట్టుకోవచ్చు. ఒక్క క్షణం ప్రాణం అటు లాగింది కూడా. తర్వాత ఆమె ప్లాంట్ హెడ్ వైపు తిరిగింది.

“సర్, హి ఈజ్ సేయింగ్, అక్కా, వుయ్ విల్ టాక్ ఎట్ హోమ్. ఐ విల్ గివ్ యూ ప్యాకింగ్ రూమ్ బ్యాక్. నౌ లీవ్ ఇట్.”

ఒక్క మాట కలపలేదు, ఒక్క మాట తీయలేదు. ముందు వరసలో విన్నవాళ్లెవరూ కాదనలేదు. ప్లాంట్ హెడ్ కుర్చీలోంచి లేచి, ఏ ప్యాకింగ్ రూమ్, ఎందుకిస్తాడు అని అడిగాడు. పుష్పమ్మ చెప్పింది. ఆమె ఇంగ్లీషు గుంతల రోడ్డు మీద ఆటోలా ఎగిరెగిరి పడింది గానీ ఎక్కడా ఆగలేదు. ఏసీ, లారీ, తెల్లాయన, యెస్ సార్, డ్రమ్ములు. ఆమె ముగించగానే ఎబెనేజర్ లేచాడు. “ఐ వాజ్ ఆన్ ద ల్యాడర్, సర్. ఐ హర్డ్ ఇట్.”

“సర్, యాక్చువల్లీ, దేర్ వాజ్ ఎ కమ్యూనికేషన్…” అని మొదలుపెట్టాడు శివకుమార్.

ప్లాంట్ హెడ్ చెయ్యెత్తి ఆపాడు. నాతో ఇంగ్లీషు వద్దు, తెలుగులో చెప్పు, ఆమె నాకు చెబుతుంది అన్నాడు.

శివకుమార్ చుట్టూ చూశాడు. సాయం వచ్చే ముఖం ఒక్కటీ లేదు.

“ఏసీ బందయిందని అక్క నాకు చెప్పింది,” అన్నాడు చివరికి. “ఆపమంటరా అని గూడ అడిగింది. లారీ కోసమని నేనే కానియ్యమన్న. తెల్లాయనకు అబద్ధం చెప్పి అక్క మీద పెట్టిన.”

ప్లాంట్ హెడ్ పుష్పమ్మ వైపు చూశాడు. కావలసిన ఇంగ్లీషు మాటలన్నీ ఆమె నాలుక మీదే ఉన్నాయి. కానీ ఇన్నాళ్లు పస్తులున్న మనిషి ఒక్క ముద్దతో విస్తరి ముందు నుంచి లేస్తుందా?

“ఎనకోళ్లకు ఇనబడలే తమ్మీ,” అంది పుష్పమ్మ. “జెర గట్టిగ, ఇంకోసారి చెప్పు.”

వెనకవాళ్లకు శుభ్రంగా వినబడింది. ఆ సంగతి ఆమెకూ తెలుసు, అతనికీ తెలుసు. శివకుమార్ తల ఎత్తి మొదటి నుంచి చివరిదాకా రెండోసారి చెప్పాడు. ఆ తర్వాతే ఆమె ప్లాంట్ హెడ్ వైపు తిరిగి, తొందరపడకుండా తర్జుమా మొదలుపెట్టింది.