ఇసుక పాకం

మా వదినను మునగచెట్టు ఎక్కించింది మేమే. ఎక్కించాక కింద నిలబడి చప్పట్లు కొట్టిందీ మేమే. ఆ మేములో అందరికన్నా ముందు నిలబడ్డదాన్ని నేను కాబట్టి ఈ సంగతి నేనే చెప్పాలి.

పెళ్ళికి ముందు ఆవిడ భూముల కొలతల ఆఫీసులో పటాలు గీసేది. కాలువ ఎక్కడ వంపు తిరిగితే ఆవిడ గీత కూడా అక్కడే తిరగాలి. వెంట్రుకవాసి తేడా వచ్చినా రెండిళ్ళ మధ్య తగువు మొదలయ్యే పని అది. మా ఇంటికి వచ్చిన ఏడాదికి అమ్మ మోకాలికి ఆపరేషన్ జరిగింది. "ఆర్నెల్లు మానెయ్యమ్మాయ్, నేను లేచి తిరగ్గానే వెళ్దువుగాని" అంది అమ్మ. అమ్మ నాలుగు నెలలకే లేచి తిరిగింది. వదిన మాత్రం ఆఫీసుకు తిరిగి వెళ్ళలేదు, ఎందుకంటే ఆ నాలుగు నెలల్లో ఆవిడ బాదంపప్పులు చెయ్యడం మొదలుపెట్టింది.

అవి పుట్టిందే పొరపాటున. బాదం తినమని డాక్టరు చెబితే, ఉత్తవి నోటికి సహించవని అమ్మ పేచీ పెట్టింది. సరేనని వదిన పంచదార పాకం పట్టి అందులో పప్పులు వేసింది. ఇంతలో అమ్మ పిలిచింది. వెళ్ళి వచ్చేసరికి నీళ్ళన్నీ ఇగిరిపోయి, పంచదార ఇసుకలా పొడిబారి పప్పులకు తెల్లగా అంటుకుని ఉంది. పారెయ్యడానికి మనసొప్పక, మంట తగ్గించి కలుపుతూనే ఉంది. కాసేపటికి ఆ ఇసుకే మళ్ళీ కరిగి, ఎర్రగా, ప్రతి పప్పుకూ నున్నగా పట్టింది. తీపి ఎక్కువైందేమోనన్న అనుమానంతో ఉప్పురాళ్ళు కచ్చాపచ్చాగా దంచి పైన చల్లింది. అమ్మ ఒకటి కొరికి, ఏమీ అనకుండా ఇంకోటి తీసుకుంది. అమ్మ వంక పెట్టకుండా తినడం మా ఇంట్లో అదే మొదలు.

మర్నాడు ఓ డబ్బా నిండా మా ఆఫీసుకు పట్టుకెళ్ళింది నేనే. మధ్యాహ్నానికి డబ్బా ఖాళీ అయింది, సాయంత్రానికి నలుగురు అడిగారు. అక్కణ్ణుంచి అన్నయ్య అందుకున్నాడు. మా అన్నయ్యకు ఇంట్లో పేరు "రేపే గారు". ఎవరేది అడిగినా "దానిదేముంది, రేపే" అంటాడు. ఇంటి ఓనరుకో డబ్బా, పళ్ళ డాక్టరుకో డబ్బా, పై అధికారి భార్యకు రెండు. మాట అన్నయ్య ఇచ్చేవాడు, పొయ్యి దగ్గర వదిన నిలబడేది.

మాకెవరికీ చేతకాలేదు. అమ్మ ఒకసారి ప్రయత్నించి మాడ్చింది. నేను ఇసుకను చూసి హడలిపోయి నీళ్ళు పోస్తే, గరిటె మూకుడుకే అతుక్కుపోయింది. నవ్వుకుని, "దీనికి వదిన చెయ్యి పడాల్సిందే" అనేశాం. ఆ మాటకు మొదట్లో ఆవిడ కళ్ళతో నవ్వేది. ఏడేళ్ళు గడిచేసరికి పెదవులతో మాత్రమే నవ్వడం మొదలుపెట్టింది. అది నాకు కనిపించింది. కనిపించినా డబ్బా పట్టుకుని ఆఫీసుకు పోయాను, అదీ నా గొప్పతనం.

ఆ పనిలో తొందర కుదరదు. ఒక వాయికి రెండు గుప్పెళ్ళు మించి వేస్తే పాకం సరిగా పట్టదు. వాయి పొయ్యి మీద ఉన్నంతసేపూ ఫోను మోగినా, ఎవరొచ్చినా కదలడానికి లేదు. మా వంటింటి కిటికీకి రంగు వేసినప్పుడు రెక్కలు అతుక్కుపోయాయి. దాన్ని తెరిపించే పని కూడా అన్నయ్య "రేపే" లెక్కలోనే ఉంది. ఆ సెగలో నిలబడి నిలబడి ఆవిడ ముంజేతి మీద పాకం చిట్లిన మచ్చలు వరసగా మిగిలాయి. ఒకరోజు డబ్బాలకు అంటించే కాగితం ఒకటి వెనక్కి తిప్పి చూస్తే, సన్నటి గీతలతో మా ఇంటి పటం ఉంది. పొయ్యి నుంచి వీధి తలుపుకు పదకొండు అడుగులని రాసి ఉంది. ఎప్పుడు కొలిచిందో నేను అడగలేదు.

పోయిన ఏడాది పాత ఆఫీసు నుంచి ఫోను వచ్చింది. పాత పటాలు చిరిగిపోతున్నాయట, చేత్తో గీయడం తెలిసినవాళ్ళు ముగ్గురు కావాలట. గురువారం పదింటిలోపు సర్టిఫికెట్లతో వచ్చి సంతకం చెయ్యాలి, ఆ తర్వాత వచ్చినవాళ్ళను చూడరు. ఆ మాట చెప్పేటప్పటికే వదిన సర్టిఫికెట్ల ఫైలు వెతికి తీసింది. సరిగ్గా అదే గురువారం మధ్యాహ్నానికి అన్నయ్య తన ఆఫీసువాళ్ళకు నలభై డబ్బాలు ఒప్పుకుని వచ్చాడు.

"ఈ ఒక్కసారికీ సర్దుకోవే" అన్నాడు.

"సర్దుకుంటానండీ. గురువారం పొద్దున్న మాత్రం నేను ఇంట్లో ఉండను" అంది వదిన.

మూడు రోజుల్లో ముప్పై తొమ్మిది డబ్బాలు నింపింది. అంతలో బాదం అయిపోయింది. కొట్టువాడు గురువారం పొద్దున్న గాని ఇవ్వలేనన్నాడు. ఆఖరి వాయి నేను చేస్తానన్నాను. ఆవిడ నన్ను కూర్చోబెట్టి, పాఠం చెప్పినట్టు చెప్పింది.

"ఇసుక అవుతుంది. పాడైపోయిందనిపిస్తుంది, అనిపించనీ. చెయ్యి ఆపకు, నీళ్ళు పొయ్యకు, నన్ను పిలవకు."

"పిలిస్తే మాత్రం పలకడానికి నువ్వుండవుగా" అన్నాను.

గురువారం తొమ్మిదింటికి వదిన ఇస్త్రీ బట్టలు వేసుకుని, ఫైలు చంకలో పెట్టుకుని, ఆ బట్టలతోనే మూకుట్లో పంచదార, నీళ్ళు, పప్పులు వేసి గరిటె నా చేతికిచ్చింది. బస్సు తొమ్మిదీ ఇరవైకి. తలుపు మూసుకున్న చప్పుడు విన్నాను. నేను కలుపుతున్నాను. పాకం బుడగలు లేచి, చిక్కబడి, ఉన్నట్టుండి తెల్లబడింది. గరిటె కింద గరగరమంది. అడుగునుంచి పొగ సన్నగా లేచింది.

"మాడు వాసనొస్తోందేమిటే?" అంది ముందుగదిలోంచి అమ్మ.

ఇలాగే అవుతుందని నాకు తెలుసు. ముందురోజే వేళ్ళు మడిచి మరీ చెప్పించుకున్నాను. అయినా నోరు ఆగలేదు.

"వదినా" అన్నాను. ఒక్కసారే అన్నాను. గట్టిగా కూడా కాదు.

తలుపు తెరుచుకుంది. చెప్పుల కాళ్ళతోనే వంటింట్లోకి వచ్చి, ఫైలు ఫ్రిజ్ మీద పెట్టి, నా చేతిలోంచి గరిటె తీసుకుంది. ఆవిడ చేతిలో ఆ ఇసుక నిమిషంలో కరిగింది. పళ్ళెంలో పరిచి, ఉప్పు చల్లి, రెండు ఫోర్కులతో పప్పులు విడదియ్యడం మొదలుపెట్టింది. గడియారం చూశాను, తొమ్మిదీ ఇరవై ఐదు. బస్సు వెళ్ళిపోయింది.

"టాక్సీ పిలుస్తాను వదినా. ఇప్పుడు బయల్దేరినా అందుకుంటావు."

"ఇవి విడదియ్యకపోతే గడ్డకడతాయి."

"కట్టనీ. నేను తీస్తాను, నువ్వెళ్ళు."

ఆవిడ ఫోర్కులు ఆపలేదు. అప్పుడు వెలిగింది నాకు. మేముండేది మూడో అంతస్తు. బస్సు ఆగేది వీధి చివర. నేను పిలిచేటప్పటికి ఆవిడ బస్సు దగ్గర ఉండాలి.

"ఇంతసేపూ ఎక్కడున్నావు?"

"మెట్ల మీద."

"ఏం చేస్తున్నావు?"

"గరిటె చప్పుడు వింటున్నా. ఇసుకైనప్పుడు చప్పుడు మారుతుందిగా." ఇంకో పప్పు విడదీసింది. "పిలిచి మంచి పని చేశావులే. లేకపోతే లోపలికి రావడానికి నేనే ఏదో సాకు వెతుక్కోవాల్సొచ్చేది."

నాకు ఏడుపొచ్చింది. ఆవిడకు రాలేదు. పది కొట్టేసరికి ఆఖరి డబ్బాకు కాగితం అంటించింది. అన్నయ్య వచ్చి ఒకటి నోట్లో వేసుకుని, "ఈ చెయ్యి ఇంకెవరికొస్తుంది చెప్పు" అన్నాడు. వాడి నోట్లో కచ్చితంగా ఉప్పు తగిలే ఉంటుంది, ఇంకేమీ తగల్లేదు.

ఆ తర్వాత పట్టుబట్టి నేర్చుకున్నాను. ఇప్పుడు ఇసుకను చూస్తే నాకు భయం లేదు. ఎవరి వాయి ఏదో అమ్మ కూడా చెప్పలేకపోతోంది. ఆదివారాలు మొత్తం నేనే చేస్తాను. వదిన మాత్రం వచ్చి పొయ్యి పక్కన నిలబడుతుంది.

"ఇంక నీ అవసరం లేదు వదినా, అలా బయటికెళ్ళి తిరిగిరా" అంటాను.

"ఉప్పు చల్లాక వెళ్తాలే" అంటుంది.