ఆయన జట్టు కానన్న ఏడాది

మొన్నటి వానకి వీధి గుమ్మంలో వేసిన కొబ్బరిపీచు పట్టా నానిపోయింది. మా కోడలు దాన్ని అరుగు మీద ఆరేస్తూ, కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని, "ఏం కంపండీ అత్తయ్యగారూ ఇది!" అంది. నేను మాత్రం కుర్చీ దాని దగ్గరికి లాక్కుని కూర్చున్నాను. నానిన పీచు వాసన తగిలితే చాలు, మా పేటా, కాలువ గట్టూ, రాట్నం తిప్పే మా అమ్మా అన్నీ లేచి ఎదురుగా వచ్చి నిలబడతాయి. ఇవి రాయాలని ఎప్పటినుంచో ఉంది. రాయకపోవడానికి పెద్ద కారణమేమీ లేదు, నాకు రాయడం వచ్చేది కాదు, అంతే. మనవలు కాలేజీల్లో చేరిన తరవాత, బడిలో పాఠాలు చెప్పే మా కోడలు ఒక పలక తెచ్చి నా ఒళ్ళో పెట్టింది. ఇప్పటికీ ఒత్తు వచ్చిన చోటల్లా ఆగి ఆలోచిస్తాను. అందుకని నెమ్మదిగా రాస్తున్నాను.

మాది అల్లవరం వైపు కాలువ గట్టున ఉన్న చిన్న పేట. తాతల నాడే క్రీస్తును నమ్ముకున్న కుటుంబాలు. మగవాళ్ళు పొలం పనులకీ, కొబ్బరి దింపులకీ పోతే, ఆడవాళ్ళు పీచు పని చేసేవారు. కొబ్బరి డొక్కలు నెలల తరబడి గుంటల్లో మురగబెట్టి, పైకి తీసి, కర్రలతో బాది, పీచు దులిపి ఎండబెట్టడం, ఆ ఎండిన పీచుతో తాడు పేనడం, ఇదే ఏడాది పొడుగునా సాగేది. ఎండాకాలం లాకులు మూసి కాలువ కట్టేసినప్పుడు అడుగున మిగిలిన మడుగుల్లో పిల్లలం కొర్రమీనుల కోసం బురదలో పొర్లేవాళ్ళం. తొలకరి ముందు లాకులు ఎత్తితే ఆకులూ పుల్లలూ నురగా తోసుకుంటూ కొత్తనీరు వచ్చేది, దానికి ముందుగా కుక్కలు మొరుగుతూ గట్టు వెంట పరిగెత్తేవి. శ్రావణంలో గోదావరి ఎర్రబడేది. చలికాలం వచ్చేసరికి వెదురు బద్దలతో నక్షత్రం కట్టి, రంగు కాగితం అంటించి, లోపల దీపం పెట్టి, పాటలు పాడుతూ ఇంటింటికీ తిరిగేవాళ్ళం, ప్రతి ఇంట్లోనూ పొంగడాలో జంతికలో చేతిలో పెట్టేవారు.

తాడు పేనడం గురించి కాస్త చెప్పాలి. అమ్మ ఒక చోట కూర్చుని రాట్నం తిప్పేది. నేను పీచు ఒడిలో కట్టుకుని, రాట్నానికి తగిలించిన కొసలకి పీచు అందిస్తూ వెనక్కి వెనక్కి నడిచేదాన్ని. చూపు ఎప్పుడూ చేతుల మీదా, అమ్మ మీదా. వెనకాల డొక్కల గుట్ట ఉందో, మేక పడుకుందో, గుంట ఉందో కనపడదు. "ఒసేయ్ మార్తా, ఎడం పక్కకి రావే, గుంటలో పడితే నీ కంపుకి నిన్నెవడూ చేసుకోడే!" అని అమ్మ కేకేసేది.

ఆదివారం సాయంత్రాలు తాటాకు కప్పు గుడిలో, చర్చిని మేం గుడి అనే అనేవాళ్ళం, అక్కడ ప్రార్థనలు నడిపే ఉపదేశిగారు పిల్లలందర్నీ కూర్చోబెట్టి కథలు చెప్పేవారు. సన్నగా, పొడుగ్గా ఉండేవారు, నవ్వితే దగ్గొచ్చేది. ఒకనాడు ఆయన, యేసయ్య పెద్దవాళ్ళకి ప్రభువైతే మీకు జట్టుగాడు కూడానర్రా, అన్నారు. అప్పట్నుంచి నాకు ఒకటే ఆరా. జట్టుగాడంటే ఏం ఆటలు ఆడతాడు? ఏం తింటాడు? మా పేట దారి ఆయనకి తెలుసా?

"ఆయనకి ఈత వచ్చునాండీ?" అని లేచి అడిగాను.

"నీళ్ళ మీద నడిచేవాడికి ఈతెందుకే?" అన్నారు ఉపదేశిగారు.

"నడుస్తా నడుస్తా కాలు జారితేనండీ?"

ఉపదేశిగారికి దగ్గు తెర వచ్చింది. ఆ ప్రశ్నకి జవాబు నాకు ఇంతవరకూ దొరకలేదు.

నేను మాత్రం యేసయ్యని జట్టులో కలుపుకున్నాను. పక్కింటి రూతూ నేనూ చింతపిక్కలతో వామనగుంటలు ఆడుకునేటప్పుడు ఆయనకీ ఒక వంతు పెట్టేదాన్ని. రూతు బడికి పోయేది, లెక్కలు బాగా తెలుసు. "ఆయన వంతూ నువ్వే ఆడతావు, ఆయన గెలిచిన పిక్కలూ నువ్వే దాచుకుంటావు. బాగుందే నీ భక్తి!" అని దెప్పేది. తాడు పేనేటప్పుడు ఆయన నా వెనక నిలబడ్డాడని నాకో నమ్మకం. నేను చూడలేని వైపు ఆయన చూస్తాడు కదా అని, తల తిప్పకుండానే కబుర్లు చెప్పేదాన్ని. నాన్న తెచ్చిన చేప సంగతి, తమ్ముడికి వచ్చిన గజ్జి సంగతి, అమ్మ ఎందుకు కోపంగా ఉందో ఆ సంగతి. అమ్మకి నా పెదాలు కదలడం కనపడేది. ప్రార్థన చేసుకుంటున్నాననుకుని ఏమీ అనేది కాదు.

నాకు పన్నెండో పదమూడో వచ్చిన వేసవిలో బాప్తిస్మానికి పేర్లు ఇమ్మన్నారు. మా పేటలో బాప్తిస్మాలు కాలువలోనే. లాకులు ఎత్తి, కొత్తనీరు తేరుకున్నాక వచ్చే మొదటి ఆదివారం ఆ పని జరిగేది. దానికి ముందు సంఘ పెద్దల ఎదుట నిలబడి పది ఆజ్ఞలూ, ప్రభువు నేర్పిన ప్రార్థనా, విశ్వాస ప్రమాణమూ అప్పజెప్పాలి. బాప్తిస్మం పొందితేనే ప్రభువు బల్ల దగ్గర, ఆయన జ్ఞాపకంగా పంచే రొట్టె అందుకోనిస్తారు. నాకు ఆ రొట్టె కావాలి. జట్టుగాడి ఇంట్లో అందరూ భోంచేస్తుంటే నేనొక్కదాన్నీ గుమ్మంలో నిలబడ్డట్టుండేది.

బడికి పోయే రూతు పుస్తకం చూసి చదివేది, నేను తాడు పేనుతూ వల్లించేదాన్ని. ఒక్కో తాడుకి ఒక్కో ఆజ్ఞ. వెనక్కి నడుస్తూ, పీచు అందిస్తూ, నోటితో పాఠం. అలా అన్నీ వచ్చేశాయి. రూతు కంటే నాకే బాగా వచ్చాయని రూతే ఒప్పుకుంది.

పెద్దలు బెంచీ మీద వరసగా కూర్చున్నారు. అందరిలోకీ పెద్ద యోహానుగారు. బోర్డు బడిలో చదువు చెప్పిన మనిషి, తెల్లటి పంచె, గట్టి గొంతు. రూతు గడగడా చెప్పి కూర్చుంది. నన్ను లేపి ఆజ్ఞలు చెప్పమన్నారు. కదలకుండా నిలబడ్డాను. చేతుల్లో పీచు లేదు, కాళ్ళ కింద నడక లేదు, మాట ఎక్కడినుంచి మొదలుపెట్టాలో తెలియలేదు. ఉన్నట్టుండి కాళ్ళు వాటంతటవే వెనక్కి కదిలాయి. కదలగానే మొదటి ఆజ్ఞ వచ్చింది. ఇంకాస్త వెనక్కి జరిగితే రెండోది. అలా చెప్పుకుంటూ గుడి మధ్యనుంచి వెనక్కి పోతూ ఉన్నాను.

"ఎక్కడికే పోతున్నావు? ఎవరేనా తరుముతున్నారా?" అన్నారు యోహానుగారు. అందరూ నవ్వారు. నా నడక ఆగింది, ఆజ్ఞా ఆగింది. ఇంక రాలేదు.

యోహానుగారు చెడ్డవారు కాదు. దగ్గరికి పిలిచి, "చూడమ్మా, చదువు ఉంటే ఇలా తడబడవు. అక్షరాలు నేర్చుకో. వచ్చే ఏడు చూద్దాం. ఆయ్?" అన్నారు.

"ఆయ్" అన్నాను. ఇంకేమంటాను? ఇంటి దగ్గర తమ్ముళ్ళూ, రాట్నమూ. నాకు అక్షరాలు నేర్చుకునే తీరిక ఏ ఏటికీ రాదని నాకు అప్పుడే తెలుసు.

బాప్తిస్మాల ఆదివారం పేటంతా గట్టు మీద ఉంది. తెల్ల చీర కట్టుకున్న రూతు మొలలోతు నీళ్ళలోకి దిగింది. ఉపదేశిగారు ఆమెను ముంచి లేపారు, అందరూ పాట ఎత్తుకున్నారు. ముక్కులోంచి నీళ్ళు కారుతూ నవ్వుతున్న రూతును చూస్తూ నేను కొబ్బరిచెట్టు వెనక్కి పోయాను. మా పిల్లల్లో జట్టు విడవాలంటే ఒక పద్ధతి ఉండేది. చిటికెన వేలు చాపాలి, అవతలి వాళ్ళూ చాపాలి, రెండూ తగిలించి లాగేసుకుంటే ఇంక మాటల్లేవు. మళ్ళీ కలవాలంటే చూపుడువేలూ నడిమివేలూ కలిపి తాకించాలి. నేను చిటికెన వేలు గాలిలోకి చాపి, "పో, నీ జట్టు కాను" అనేశాను.

మర్నాడు రాట్నం దగ్గర పీచు ఒడిలో కట్టుకున్నాను. చెప్పడానికి ఎన్నో ఉన్నాయి, వినేవాళ్ళతోనే మాటల్లేవు. తల తిప్పి తిప్పి చూసుకుంటూ నడిచాను. తాడు ముడులు పడింది, అమ్మ తిట్టింది. వారం తిరిగేసరికి రోషం పోయింది, దాని స్థానంలో ఒక చిక్కు వచ్చింది. నేను జట్టు విడిచినది వేళ్ళు కనపడని వాడితో. మళ్ళీ కలవాలంటే ఎవరి వేళ్ళు తాకాలి? రూతును అడిగాను, ఆయన బదులు నువ్వు వేళ్ళు పెడతావా అని. రూతు చెంపలు వేసుకుంది. "ఆయన బదులు నేనా? బాప్తిస్మం పొంది నెల తిరక్కుండానే నన్ను పాపంలోకి దింపుతావా!"

వేళ్ళు కాకపోతే కాకి ఎంగిలి ఉంది. పండును పరికిణీ గుడ్డలో చుట్టి కొరికి సగం ఇస్తే ఎంగిలి అంటదు, అలిగిన వాళ్ళు కూడా పుచ్చుకుంటారు. దోర జామకాయ ఒకటి దొరికినప్పుడు గుడ్డ చుట్టి కొరికి, నా సగం తినకుండా చేతిలో ఉంచుకుని, ఆయన సగం గుడి కిటికీలో పెట్టి, ఏమవుతుందో చూద్దామని గోడ వార కూర్చున్నాను. ఉడతలు వచ్చి చూసి పోయాయి. కాసేపటికి ఎవరిదో మేక ముందు కాళ్ళు గోడకి ఆనించి లేచి, నాలిక చాపి, ఆ ముక్క లాక్కుని నమిలేసింది. నాకు ఏడుపు ఆగలేదు.

లోపల దీపాలు తుడుస్తున్న ఉపదేశిగారు ఆ ఏడుపు విని బయటికి వచ్చారు.

"ఏమైందే మార్తా? మేక పొడిచిందా?"

"లేదండీ. ఆయన సగం తినేసిందండీ."

"ఎవరి సగం?"

అన్నీ చెప్పాను. కొబ్బరిచెట్టు వెనక చిటికెన వేలు చాపడం దగ్గర్నుంచి మేక దాకా. ఆయన నవ్వుతారనీ, దగ్గుతారనీ అనుకున్నాను. నవ్వలేదు. పంచె సర్దుకుని నా పక్కనే నేల మీద కూర్చున్నారు.

"వేలు నువ్వు చాపేవు. సరే. ఆయన చాపేడా?"

ఆలోచించాను. "తెలీదండీ. కనపళ్ళేదు."

"తగిలిందా?"

"లేదండీ."

"రెండు వేళ్ళూ తగిలితేనే కదే జట్టు పోవడం? మీ పిల్లల లెక్కే అంత. ఆయన వేలు పెట్టనే లేదు. నువ్వు ఒక్కదానివీ అలిగి కూర్చున్నావు, ఆయన జట్టులోనే ఉన్నాడు. నీ సగం నువ్వు తినేయి."

ఆ జామకాయ ముక్క అప్పటికి చేతి వేడికి మెత్తబడిపోయింది. తిన్నాను. ఉపదేశిగారి లెక్కలో తప్పెక్కడైనా ఉందేమోనని రెండు మూడు రోజులు తిప్పి తిప్పి చూశాను. దొరకలేదు. నాలుగో రోజున తాడు పేనుతూ, తల తిప్పకుండా, "మేక సంగతి చూసేవా?" అని మొదలుపెట్టాను.

మరుసటి ఏడు పెద్దలు మళ్ళీ కూర్చున్నప్పుడు, ఉపదేశిగారు వాళ్ళ బెంచీని గుడి ముందర దొడ్లో వేయించారు. నా చేతికి గుప్పెడు పీచు ఇచ్చారు. నేను కొబ్బరిచెట్ల మధ్యనుంచి వెనక్కి నడుస్తూ పది ఆజ్ఞలూ, ప్రార్థనా, ప్రమాణమూ ఒక్క మాట పోకుండా చెప్పాను. నేను కాలువ గట్టు దాకా పోయేసరికి యోహానుగారు లేచి, కండువా మూతికి అడ్డం పెట్టుకుని, "ఆయ్, వినపడిందమ్మా, ఇంక వచ్చేయి, నీళ్ళలో పడతావు. నీళ్ళలోకి మేమే దింపుతాంలే!" అని కేకేశారు. అక్షరాల మాట ఎత్తలేదు. కొత్తనీరు తేరాక నన్నూ ముంచి లేపారు. ఆ ఆదివారం ఉపదేశిగారి భార్య కాల్చిన గోధుమ రొట్టెలోంచి గోరంత ముక్క నా అరచేతిలో పడింది. కొంచెం మాడు వాసన వేసింది. దాన్ని మింగకుండా ఎంతసేపు ఉంచుకోవచ్చో చూశాను.

ఆ తరవాత చాలా జరిగింది. పెళ్ళైంది, ముక్తేశ్వరం కాపరానికి పోయాను, పిల్లలు పుట్టారు, జ్వరంలో ఒక పిల్ల పోయింది. ఆ పిల్ల పోయిన ఏడు ఆయన్ని అడగరాని ప్రశ్నలన్నీ అడిగాను, గట్టిగానే అడిగాను. జవాబులు రాలేదు. జట్టు కానని మాత్రం నేను అనలేదు.

ఇప్పుడు మా పేటలో పీచు గుంటలు పూడ్చి ఇళ్ళు కట్టారు. తాడు మిషన్లలో వస్తోంది, వెనక్కి నడిచే ఆడపిల్ల ఎక్కడా లేదు. తాటాకు గుడి స్థలంలో డాబా చర్చి లేచింది, లోపలే నున్నటి పలకలు పరిచిన తొట్టి, కుళాయి తిప్పితే నీళ్ళు. లాకులు ఎప్పుడు ఎత్తుతారో ఎవరూ చూడక్కర్లేదు. ఉపదేశిగారూ, యోహానుగారూ, అమ్మా మట్టిలో ఉన్నారు. రూతు కిందటేడు పోయింది.

పోయిన ఆదివారం మధ్యాహ్నం మా కోడలు సువార్త పుస్తకం నా ముందు పెట్టి, ఒక చోట వేలు ఉంచి, "ఇక్కణ్ణించి మీరే చదవండి, నేను అందించను" అంది. కూడబలుక్కుంటూ చదివాను. సిలువ ఎక్కే ముందు చివరి రాత్రి యేసయ్య తన వాళ్ళతో మాట్లాడుతున్న చోటు అది. మిమ్మల్ని ఇంక పనివాళ్ళనను, స్నేహితులంటున్నాను అని ఉంది. ఉపదేశిగారి నోట విన్నదే, పాటల్లో పాడుకున్నదే. అయినా ఆ మాట ముందుగా అన్నది యేసయ్యే అని నాకు నేను చదువుకుంటే గానీ తెలియలేదు. 'స్నేహితులు' దగ్గర చాలాసేపు ఆగాను, ఒత్తు ఉన్న మాట కదా.

మర్నాడు పొద్దున లేవగానే, మొహం కూడా కడుక్కోకుండా, పుస్తకం తెరిచి ఆ మాట ఇంకా అక్కడే ఉందో లేదో చూశాను. ఉంది.