నేను తెప్పించిన సున్నా

2023 మే. గోదావరిఖనిలోని ఒక కాలేజీలో ఫిజిక్స్ చెబుతూ, పరిశోధన చేసేవాళ్లకు గైడుగా ఉండేవాణ్ణి. నా దగ్గర థీసిస్ రాస్తున్న షబానా, బండ్లు బాగుచేసే మెకానిక్ కూతురు. ఆ రోజు సాయంత్రం నాలుగింటికి కరీంనగర్‌లో యూనివర్సిటీ కమిటీ ముందు ఆమె చివరి సెమినార్. అది గట్టెక్కితేనే థీసిస్ తీసుకుంటారు.

ఆమె పని గురుత్వాకర్షణ సమీకరణాలతో. వాటిని టెన్సర్లతో రాస్తారు. ఒక్కో గుర్తుకు ఇండెక్సులనే చిన్న అక్షరాలు తగిలించి, ఎన్నో విలువలను ఒకేచోట పట్టే పద్ధతి అది. విప్పితే వందల టర్ములు. వాటిని కుదించడానికి కంప్యూటర్ ఆల్జీబ్రా సాఫ్ట్‌వేర్ వాడతాం. ఏ ఇండెక్సులను తారుమారు చేసినా విలువ మారదో, అంటే సిమెట్రీ ఏమిటో, దానికి ముందుగా మనమే చెప్పాలి. ఒక పెద్ద ఎక్స్‌ప్రెషన్ సున్నా అవుతుందన్న దాని మీదే షబానా నాలుగో చాప్టరంతా నిలబడింది. సాఫ్ట్‌వేర్ సున్నా అనే చెప్పింది.

పన్నెండింటికి ఆమె నోట్‌బుక్ పట్టుకుని వచ్చింది.

“సార్, చేత్తోని చేసి చూసిన. రెండు టర్ములు పోతలేవు.”

“ఎక్కడో మైనస్ మర్చిపోయినవ్ బిడ్డా. గదంతా ఇప్పుడెందుకు? బస్సుకు టైమైతంది.”

“మూడుసార్లు చేసిన సార్. మూడుసార్లు గవే మిగిలినయ్.”

నాకు చిరాకేసింది. అయినా ఆమె కదల్లేదు. అనుమానం తీర్చేద్దామని సాఫ్ట్‌వేర్‌కు ఒక చిన్న లెక్క ఇచ్చాను. షబానా సిద్ధాంతంలో కనెక్షన్ అనే రాశికి కింది రెండు ఇండెక్సులు తారుమారు చేస్తే విలువ మారుతుంది. ఆ తేడా పేరే టోర్షన్. థీసిస్ అంతా దాని గురించే. ఆ తేడా ఎంతో చెప్పమన్నాను.

సున్నా అంది.

అంటే టోర్షనే లేదంటోంది. ఫైలు మొదటి నుంచి చదివాను. పైనే ఒక లైనుంది: కనెక్షన్ సిమెట్రిక్. టోర్షన్ లేని నా పాత లెక్కల కోసం నేను రాసుకున్న లైను. ఆ ఫైలునే, చూసుకోకుండా, షబానాకు ఇచ్చాను.

ఆ లైను తీసేసి, నాలుగో చాప్టర్‌లోని పెద్ద ఎక్స్‌ప్రెషన్‌ను మళ్లీ నడిపాను. ఓపెన్‌కాస్టు బొగ్గు గనిలో బ్లాస్టింగుకు కిటికీ అద్దాలు గలగలలాడాయి. ఇద్దరం స్క్రీన్ మీంచి చూపు తిప్పలేదు. రెండు టర్ములు వచ్చాయి. ఆమె నోట్‌బుక్‌లోవే.

“ఇప్పుడెట్ల సార్?”

“నాలుగో చాప్టర్ జల్ది దాటేసి మిగిలింది చెప్పు. ఎవరు అడగకపోవచ్చు,” అన్నాను. ఆ మాట అన్నందుకు ఇప్పటికీ సిగ్గుపడతాను.

“వాళ్లు అడగకపోయినా నాకు ఎర్కే గద సార్. నేనే చెప్త.”

చెప్పింది, సెమినార్‌లో మొదటి స్లైడులోనే. కమిటీలో ఒకాయన, “ఇంత పెద్ద తప్పు ఇన్ని రోజులు ఎట్ల చూసుకోలేదమ్మా?” అన్నారు. నేను లేచి నిలబడ్డాను.

“ఫైలు నాది సార్. తప్పు నాది. పట్టుకున్నది ఆమె.”

చాప్టర్ తిరగరాయడానికి ఆరు నెలలిచ్చారు. ఈలోగా ఆమె ఎదురుచూసిన లెక్చరర్ పోస్టుకు గడువు దాటిపోయింది. నన్ను ఒక్క మాట అనలేదు. అదే ఎక్కువ బాధిస్తుంది. మరుసటి ఏడాది థీసిస్ పాసైంది.

మనం చెప్పింది తప్పయితే, సాఫ్ట్‌వేర్ అంతే నమ్మకంగా తప్పు జవాబిస్తుంది. అందుకే ఇప్పుడు ఏ పని మొదలుపెట్టినా, సున్నా కాకూడదని నాకు ముందే తెలిసిన ఒక లెక్క ఇచ్చి చూస్తాను. విద్యార్థి లెక్కకూ నా జవాబుకూ పొంతన కుదరకపోతే, ముందు తెరిచేది నా ఫైలే.